ఒక ఎన్‌ఎఫ్‌ఎల్ కిక్కర్ ఎడమ తుంటి: చివరి సీజన్లు, రిటైర్మెంట్, ఆ తర్వాత

ఈ కేసులోని ఆటగాడు అమెరికన్ ఫుట్‌బాల్ ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో కిక్కర్‌గా, అంటే బంతిని గోల్ స్తంభాల మధ్యకు తన్నడమే పనిగా ఉన్న ఆటగాడిగా, పదేళ్లకు పైగా ఆడి రిటైరయ్యారు. కుడి కాలితో తన్నేవారు. ఆయన ఎవరో పోల్చుకోగల వివరాలు, అంటే జట్లు, ఊళ్లు, మ్యాచ్‌లు, ఇందులో లేవు. కొలతలను కొద్దిగా అటూ ఇటూ సర్దాను కానీ వాటి మధ్య సంబంధాన్ని మార్చలేదు. ఇది ఫిజియోథెరపీ వైపు నుంచి రాస్తున్న కేసు. కిక్కింగ్ కోచ్, స్ట్రెంగ్త్ కోచ్, ఆర్థోపెడిక్ సర్జన్ అందరూ ఇందులో పాలుపంచుకున్నారు. కిక్కర్ బంతి ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు తప్పుతుంటే "మనసు చెదిరింది" అని తేల్చేయడం ఈ రంగంలో బాగా పాతుకుపోయిన అలవాటు. ఈయన విషయంలో ఆ రెండు రకాల తప్పులకూ మూలం ఒకే కీలులో ఉంది. అదీ ఎవరూ పెద్దగా పట్టించుకోని కాలిలో. అందుకే దీన్ని పూర్తిగా రాసి పెట్టాలనిపించింది.

నేపథ్యం

చిన్నప్పటి ఆట సాకర్. హైస్కూల్ చివరి రెండేళ్లలో ఫుట్‌బాల్ జట్టుకు కిక్కర్ అవసరమై పిలిస్తే వెళ్లారు. కాలేజీలో స్కాలర్‌షిప్ లేకుండా చేరి తర్వాత సంపాదించుకున్నారు. కాలేజీ ఆటగాళ్లను జట్లు ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఏ జట్టూ తీసుకోలేదు. చాలామంది కిక్కర్లకు తొలి సంవత్సరాలు ఎలా గడుస్తాయో ఈయనకూ అలాగే గడిచాయి. వేసవి శిబిరానికి పిలుపు, ఆగస్టు చివర జాబితా కుదించే రోజున ఉద్వాసన, ఆ తర్వాత ఏదో ఒక మంగళవారం ఇంకో జట్టు దగ్గర ట్రయల్. లీగ్‌లో 32 జట్లు, మామూలుగా జట్టుకు ఒక్క కిక్కర్. అంటే మొత్తం ఉద్యోగాలే 32. ఒకసారి కుదురుకున్నాక మాత్రం ఏళ్ల తరబడి నిలకడగా ఆడారు.

ఆ పని కొలతలు కొన్ని తెలిస్తేనే తర్వాత తీసుకున్న నిర్ణయాలు అర్థమవుతాయి. లాంగ్ స్నాపర్ బంతిని కాళ్ల సందులోంచి ఏడెనిమిది గజాలు వెనక్కి పంపుతాడు. హోల్డర్ దాన్ని అందుకుని, కుట్లు గోల్ వైపు తిరిగి ఉండేలా నేల మీద నిలబెడతాడు. కిక్కర్ తన్నుతాడు. స్నాప్ నుంచి తన్నేదాకా మొత్తం 1.3 సెకన్లలో ముగిసిపోవాలి. ఆలస్యమైతే ఎదుటి ఆటగాడి చెయ్యి తగులుతుంది. గోల్ స్తంభాల మధ్య వెడల్పు 18 అడుగుల 6 అంగుళాలు, అడ్డకమ్మీ ఎత్తు 10 అడుగులు. స్తంభాలు మైదానం చివరి పది గజాల భాగమైన ఎండ్ జోన్ వెనక గీత మీద ఉంటాయి కనుక, బంతి ఉన్న గీతకు 17 లేదా 18 గజాలు కలిపితే కిక్ దూరం వస్తుంది. దూరపు కిక్ తప్పితే, తన్నిన చోటు నుంచే బంతి ఎదుటి జట్టుకు వెళ్తుంది. 52 గజాల కిక్ పోయిందంటే మూడు పాయింట్లు పోవడంతో ఆగదు, ఎదుటివాళ్లకు 42వ గజం గీత దగ్గర ఆట అప్పగించినట్టు. హెడ్ కోచ్ తన కిక్కర్ ఎంత దూరం దాకా నమ్మదగినవాడో ప్రతి మ్యాచ్‌కు ముందు ఒక అంకె అడిగేది ఇందుకే.

ఒకప్పుడు కిక్కర్లు బంతికి సూటిగా వెనక నుంచి పరుగెత్తి బొటనవేలి కొసతో తన్నేవారు. 1964లో బఫెలో బిల్స్ తరఫున పీట్ గోగొలాక్ సాకర్ ఆటగాడిలా పక్క నుంచి వచ్చి తన్నడం మొదలుపెట్టాక ఆ పద్ధతే క్రమంగా అందరిదీ అయింది. సూటిగా తన్నే పూర్తికాల కిక్కర్లలో చివరివాడు మార్క్ మోస్లీ 1986లో ఆట మానేశారు. పక్క నుంచి వచ్చే పద్ధతిలో దూరం ఎక్కువ వస్తుంది. కానీ ఒళ్లంతా ఆనే కాలి తుంటి మీద గిర్రున తిరగాలి. కుడి కాలితో తన్నేవాడికి అది ఎడమ తుంటి. ఈ కేసంతా ఆ తిరగడం గురించే.

ఇంకో నేపథ్యం 2015 నాటి నిబంధన. అంతకుముందు టచ్‌డౌన్ (బంతిని ఎదుటివాళ్ల ఎండ్ జోన్‌లోకి చేర్చడం) తర్వాత అదనపు పాయింట్ కోసం తన్నే కిక్ సుమారు 20 గజాలు. ఆ ఏడాది దాన్ని వెనక్కి జరిపి 33 గజాలు చేశారు. 99 శాతానికి పైగా పడే కిక్ తొలి ఏడాదే 94 శాతం దగ్గరికి దిగింది. చేతిలో పని అన్నట్టు తన్నే కిక్ కూడా పూర్తి ఊపుతో తన్నాల్సిన కిక్ అయింది. వయసు మీద పడుతున్న తుంటికి వారానికి రెండు మూడు పెద్ద ఊపులు అదనంగా వచ్చి పడ్డాయి.

వచ్చిన సమస్య

మా దగ్గరికి వచ్చేసరికి ఆయన వయసు ముప్పై ఐదుకు అటూ ఇటూ. చెప్పిన బాధలు మూడు. ఒకటి, 45 గజాలు దాటిన కిక్‌లు కుడి స్తంభం వైపు జారిపోతున్నాయి, దాన్ని దిద్దుకుంటే ఎడమకు లాగేస్తోంది. రెండు, ఆట మొదలుపెట్టే కిక్ఆఫ్ బంతి మునుపటిలా ఎండ్ జోన్ లోపలిదాకా వెళ్లడం లేదు. మూడోది దాదాపు వెళ్లబోతూ చెప్పారు. విమానంలోనో కారులోనో చాలాసేపు కూర్చుని లేస్తే ఎడమ గజ్జలో పట్టేసినట్టు ఉంటుందని.

ఈ మూడోదానికి అప్పటిదాకా ఎవరి రికార్డులోనూ చోటు దొరకలేదు. కారణం ఉంది. నాలుగేళ్ల కిందట ఆయనకు కుడి తొడ ముందు కండరం, రెక్టస్ ఫెమొరిస్, ఒకసారి చీలింది. తన్నే కాలిలో కిక్కర్లకు మామూలుగా దెబ్బతినే కండరం అదే. అప్పటి నుంచి ఏ పరీక్ష చేసినా, ఏ స్కాన్ తీసినా కుడి తొడకే.

ముందు ప్రయత్నించినవి

మొదట టెక్నిక్ దిద్దారు. బంతి కుడికి జారితే, తుంటి ముందుకు తిరగకుండానే కాలు బంతిని తాకింది అని అర్థం. దానికి మందు, తన్నాక కూడా ఒంటిని లక్ష్యం వైపు నడిపించడం. ఎడమకు లాగితే ఒళ్లు తొందరగా తెరుచుకుంది అని అర్థం. దానికి మందు, భుజాన్ని కాసేపు మూసి ఉంచడం. విడివిడిగా చూస్తే రెండు సలహాలూ సరైనవే. ఒకే మనిషికి వారం విడిచి వారం రెండూ చెబితే, 1.3 సెకన్లలో ఆయన తలలో నాలుగు ఆలోచనలు తిరుగుతాయి. తప్పులు తగ్గలేదు.

రెండోది, స్పోర్ట్స్ సైకాలజిస్ట్. శ్వాస, చూపు, అడుగులు కొలిచే క్రమం అన్నీ చక్కగా స్థిరపడ్డాయి, అది తర్వాత ఎంతో పనికొచ్చింది. కానీ ప్రాక్టీస్ లెక్కలు తెరిచి చూస్తే ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనిపించింది. గురువారం ఖాళీ మైదానంలో, చూసేవాడు లేనప్పుడు కూడా, 45 దాటిన కిక్‌లు మ్యాచ్‌లో తప్పినంతగానే తప్పుతున్నాయి. ఒత్తిడి వల్ల తప్పే కిక్కర్ ఖాళీ మైదానంలో బాగా తన్నాలి. ఈయన తన్నడం లేదు. ఒత్తిడి ఉండవచ్చు, కానీ అది ఫలితమే తప్ప మూలం కాదని అక్కడ నిర్ణయించుకున్నాం.

మూడోది, కుడి కాలికి బలం. కిక్ఆఫ్ దూరం తగ్గింది కనుక కాలు బలహీనపడిందని అనుకోవడం సహజమే. స్క్వాట్ బరువు పెంచారు, లెగ్ ఎక్స్‌టెన్షన్ చేర్చారు, పూర్తి ఊపు కిక్‌ల సంఖ్యా పెంచారు. మూడో వారానికి పాత చీలిక దగ్గర కుడి తొడ నొప్పి తిరగబెట్టింది. ఈ దశలో కండరాల బలాన్ని కొలిచే చేతి డైనమోమీటర్‌తో తొడ ముందు కండరాలు, తుంటి వంచే కండరాలు, లోతొడ కండరాలు విడివిడిగా కొలిచాం. కుడి కాలి అంకెలు మూడేళ్ల కిందటి ప్రీసీజన్ అంకెలకు సరిసమానం. తగ్గినది ఒక్కటే, ఎడమ లోతొడ. మోకాళ్ల మధ్య నొక్కించే పరీక్షలో నొప్పి కూడా ఆ వైపే. కాలిలో బలం అలాగే ఉంది, అది బంతికి చేరడం లేదు. ఆ బలం చేరే దారిలో ఉన్నది తన్నే కాలు ఒక్కటే కాదు.

నాలుగోది మా వైపు నుంచి జరిగిన ప్రయత్నం. ఎడమ తుంటి లోపలికి తిరగడం తక్కువగా ఉంది కనుక సాగదీత మొదలైంది. మోకాలు మడిచి తుంటిని లోపలికి తిప్పే స్ట్రెచ్‌లు, రోజుకు రెండు పూటలు. బిగుసుకున్న కండరమైతే రెండు మూడు వారాల్లో ఐదారు డిగ్రీలైనా కదలిక రావాలి. ఒక్క డిగ్రీ రాలేదు, గజ్జలో పొడిచినట్టు నొప్పి మాత్రం పెరిగింది. ఇక్కడ ఆగడం ముఖ్యం. సాగదీస్తే నొప్పి పెరిగి కదలిక పెరగకపోతే, అడ్డం పడుతున్నది కండరం కాకపోవచ్చు. స్ట్రెచ్‌లు ఆపేసి ఎక్స్‌రేకి పంపాం.

గడ్డి మీద గుర్తులు

ఎక్స్‌రే రాకముందే అసలు దారి మైదానంలో దొరికింది. జట్లు కిక్‌లను సాధారణంగా వెనక నుంచీ, ఎండ్ జోన్ వైపు నుంచీ వీడియో తీస్తాయి. వెనక కెమెరాలో ఆనే పాదాన్ని ఆటగాడి ఒళ్లే కప్పేస్తుంది. ముందు కెమెరాకు అది మరీ దూరం. ఏళ్ల తరబడి ఫిల్మ్ చూసిన ఏ కోచ్‌కూ ఎడమ పాదం నేలను తాకే క్షణం సరిగా కనిపించి ఉండదు.

తడి ఆరని సహజ గడ్డి మీద, బంతి నిలబెట్టే చోటును ఒక సున్నపు చుక్కతో గుర్తుపెట్టి, ఒక్కో కిక్ తర్వాత ఎడమ బూటు ముళ్లు నేలలో వదిలిన గుంటల్ని పైనుంచి ఫొటో తీశాం. ఒక కిక్ అయ్యాక చుక్కను అర గజం పక్కకు జరపడం, ఫొటో కింద ఫలితం రాసుకోవడం. ఎడమ పక్కన చీలమండ ఎత్తులో ఫోన్ పెట్టి స్లో మోషన్ వీడియో కూడా. కృత్రిమ టర్ఫ్ మీద గుంటలు పడవు కనుక అక్కడ పాదాలకు చల్లుకునే పౌడర్ పరిచాం.

ఆరోగ్యంగా ఉన్న కిక్కర్ గుంటలు దాదాపు ఒకదాని మీద ఒకటి అచ్చు వేసినట్టు ఉంటాయి. పాదం బంతికి సుమారు ఒక అడుగు ఎడంగా, వేళ్లు లక్ష్యం వైపు. ఈయనవి విసనకర్ర పరిచినట్టు ఉన్నాయి. కొన్నింటిలో వేళ్లు సూటిగా ముందుకు, కొన్నింటిలో పదిహేను డిగ్రీల దాకా ఎడమకు తిరిగి. ఫలితాలు పక్కన పెట్టుకుంటే విషయం తేలిపోయింది. పాదం సూటిగా దిగిన కిక్‌లు కుడికి జారాయి. పాదం బయటికి తిరిగి దిగినవి ఎడమకు లాగాయి. మధ్యలో దిగినవి గోల్‌లో పడ్డాయి.

అది ఎందుకో చెప్పాలంటే తుంటి లెక్క చూడాలి. కుడి కాలు ఊగేటప్పుడు కటి ఎడమ వైపుకు తిరుగుతుంది. ఎడమ పాదం నేలలో పాతుకుని కదలదు కనుక, ఎడమ తొడ ఎముక కటితో పోలిస్తే లోపలికి తిరిగినట్టు లెక్క. పడుకోబెట్టి తుంటిని 90 డిగ్రీలు మడిచి కొలిస్తే ఆయన కుడి తుంటి లోపలికి 32 డిగ్రీలు తిరిగింది, ఎడమది 12 దగ్గర ఆగిపోయింది. ఆ చివర ఒక మోస్తరుగా ఆగినట్టు కాదు, గోడ తగిలినట్టు ఆగింది. పాదం సూటిగా దిగితే కటి సగంలోనే ఆ గోడకు తగులుతుంది, ఒళ్లు ఇంకా కుడివైపు తెరిచి ఉండగానే కాలు బంతిని కొట్టేస్తుంది. పాదం ముందే బయటికి తిరిగి దిగితే గోడ దాకా కొంత ఎడం దొరుకుతుంది, కానీ ఒళ్లంతా ఎడమ దిక్కుకు చూస్తుంది. శరీరం తనకు తానే ఎడం వెతుక్కుంటోంది. ఎంత వెతకాలో ప్రతిసారీ ఒకేలా తేల్చుకోలేకపోతోంది. ఫాస్ట్ బౌలర్ ముందు కాలు క్రీజులో ఎలా దిగిందన్నది బంతి దిశను తేల్చినట్టే ఇదీ.

ఎక్స్‌రేలో తొడ ఎముక తల, మెడ కలిసే చోట క్యామ్ రకం బొడిపె స్పష్టంగా ఉంది. చిన్న వయసు నుంచి సాకర్ ఆడినవాళ్లలో ఇది అరుదు కాదు. కీలు సందు ఇంకా 2 మిల్లీమీటర్లకు పైనే ఉంది. తర్వాత సర్జన్ కీలులోకి లోకల్ అనస్థీషియా ఇంజెక్షన్ ఇచ్చారు. ఇది వైద్యం కోసం కాదు, రెండు ప్రశ్నలకు జవాబు కోసం. నొప్పి కీలు లోపలిదేనా? ఇంజెక్షన్ తర్వాత నొప్పి దాదాపు పోయింది, కాబట్టి అవును. నొప్పి భయంతో కండరాలు బిగుసుకుని కదలికను ఆపుతున్నాయా? నొప్పి పోయాక కొలిచినా అదే 12 డిగ్రీలు. ఆపుతున్నది ఎముక. ఈ కొలత తీసుకోకుండా ఇంజెక్షన్ ఇస్తే సగం సమాచారం వృథా.

ఏం చేయాలన్న నిర్ణయం

ఆర్థ్రోస్కోపీతో, అంటే చిన్న గాట్లలోంచి కెమెరా పంపి చేసే ఆపరేషన్‌తో, బొడిపె చెక్కించుకోవడం ఒక దారి. పూర్తి ఊపుతో మళ్లీ తన్నడానికి ఐదారు నెలలు తక్కువ కాకుండా పడుతుంది, సీజన్ పోతుంది. ఈ వయసు కిక్కర్ ఒక సీజన్ బయట కూర్చుంటే ఆ కుర్చీలో ఇంకొకరు ఉంటారు. పైగా మృదులాస్థి అప్పటికే కొంత అరిగి ఉంది, ఫలితం మీద సర్జన్‌కే గట్టి నమ్మకం లేదు. ఆపరేషన్ వద్దనుకున్నది ఆటగాడే, లెక్కలన్నీ ముందు పెట్టుకుని. తుంటి ఇచ్చే 12 డిగ్రీల్లో కిక్‌ను ఇమిడ్చాలి, అంతే తప్ప తుంటిని కిక్‌కు సరిపడేలా వంచలేం అన్నది అప్పటి నుంచి మా సూత్రం.

మొదటి మార్పు, పరుగు కోణం. ఆయన చిన్నప్పటి నుంచి బంతి నుంచి మూడు అడుగులు వెనక్కి, రెండు అడుగులు ఎడమకు వేసి నిలబడేవారు. అంటే లక్ష్యం గీతకు దాదాపు 34 డిగ్రీల కోణం. పక్కకు వేసే అడుగుల్ని ఒకటిన్నరకు తగ్గిస్తే కోణం 27 డిగ్రీల దగ్గరికి వస్తుంది. కటి తిరగాల్సినది ఏడు డిగ్రీలు తగ్గినట్టు. దీనికి ఖరీదు ఉంది. తిరగడం తగ్గితే వేగం తగ్గుతుంది, నాలుగైదు గజాల దూరం పోతుంది. ఇది మొదటే ఆయనకు చెప్పాం. 57 గజాల కిక్ సీజన్‌లో ఎన్నోసార్లు రాదు, 33 నుంచి 48 మధ్యవి ప్రతి వారం వస్తాయి. రోజూ వచ్చే కిక్‌ను కాపాడుకోవడానికి అరుదైన కిక్‌ను వదులుకోవడం సబబనిపించింది.

రెండోది, పాదం. వేళ్లు లక్ష్యం వైపే ఉండాలన్న పాఠాన్ని పక్కన పెట్టి, ప్రతిసారీ ఏడెనిమిది డిగ్రీలు ఎడమకే దింపమన్నాం. సూటిగా దింపడం కన్నా ఒకేలా దింపడం ముఖ్యం. ప్రాక్టీస్‌లో ఆ కోణంలో నేల మీద స్ప్రేతో ఒక గీత గీసి, బంతి లేకుండా అడుగులు వేయించడం, తర్వాత కర్ర హోల్డర్ మీద పెట్టిన బంతితో, ఆ తర్వాతే స్నాప్‌తో. బంతి కొద్దిగా ఎడమకు వంపు తిరుగుతూ వెళ్లేది కనుక గురి గోల్ మధ్య నుంచి కుడి స్తంభం వైపు రెండడుగులు జరిపారు.

బూట్ల సంగతి చిన్నదే కానీ వదలకూడదు. కృత్రిమ టర్ఫ్ మీద పొడుగు ముళ్లున్న బూటు వేస్తే ఆనే పాదం నేలకు అతుక్కుపోతుంది, తిరగాల్సినదంతా తుంటే తిరగాలి. టర్ఫ్ మీద ఎడమ పాదానికి పొట్టి ముళ్ల బూటు, తడి గడ్డి మీద మాత్రమే పొడుగు ముళ్లు. కుడి పాదానికి అందరిలాగే ఒక సైజు తక్కువ సాకర్ బూటు, దాన్ని మార్చలేదు.

మూడోది, లెక్క. పూర్తి ఊపు కిక్‌లు బుధవారం 22, శుక్రవారం 12, మ్యాచ్ రోజు వార్మప్‌లో 18 మించకూడదు. గురువారం ఒక్క అడుగుతో తన్నే తేలిక కిక్‌లు, లేదా అసలు లేవు. ఒక కాగితం మీద కిక్ కిక్‌కూ గీత పెట్టే పని స్నాపర్‌కు అప్పగించాం. బాగా పడుతున్న రోజున ఇంకో పది తన్నాలనిపించడమే ఈ లెక్కకు అసలు ప్రమాదం. ఆగమని చెప్పే మనిషి పక్కన ఉంటే తప్ప కిక్కర్ ఆగడు.

బలం కోసం ఎడమ లోతొడకు కోపెన్‌హాగన్ వ్యాయామం, అంటే పక్కకు పడుకుని పైకాలిని ఆనిక మీద పెట్టి ఒంటిని పైకి లేపడం. మొదట మోకాలి కింద ఆనిక పెట్టి ఆరేసి చొప్పున రెండు విడతలు, ఆరు వారాల్లో చీలమండ కింద ఆనికతో ఎనిమిదేసి చొప్పున మూడు విడతలు. వారానికి రెండుసార్లు, మ్యాచ్‌కు 48 గంటల ముందు ఆఖరు. పిరుదు పక్క కండరాలకు ఒక జానెడు ఎత్తు మెట్టు మీద నుంచి ఒంటికాలి మీద నెమ్మదిగా దిగడం. కుడి తొడ పాత చీలికకు మోకాళ్ల మీద నిలబడి వెనక్కి వాలే రివర్స్ నార్డిక్, ఆరేసి, రెండు విడతలు. ఎడమ తుంటిని లోపలికి తిప్పే స్ట్రెచ్ పూర్తిగా నిషేధం. విమానంలో గంటకోసారి లేచి నడవడం, సీటులో తుంటి కన్నా మోకాళ్లు కిందికి ఉండేలా పిరుదుల కింద చిన్న మెత్త.

కిక్ఆఫ్‌లు పంటర్‌కు (చేతిలోంచి వదిలిన బంతిని దూరంగా తన్నే ఆటగాడు) అప్పగించడం కోచ్‌ల చేతిలో ఉన్న నిర్ణయం. వాళ్లను ఒప్పించింది కిక్‌ల లెక్క. కిక్ఆఫ్‌కు పరుగు పెద్దది, ఊపు అన్నిటికన్నా తీవ్రం. మ్యాచ్‌కు ఐదారు అవి తగ్గితే వారం మొత్తం మీద తుంటికి పడే భారం బాగా దిగుతుంది.

ఏది తిరిగి వచ్చింది, ఏది రాలేదు

ఐదారు వారాలకు గుంటల ఫొటోల్లో విసనకర్ర ముడుచుకుంది. 48 లోపు కిక్‌లు మునుపటి నమ్మకానికి వచ్చాయి, 33 గజాల అదనపు పాయింట్ గురించి మళ్లీ ఆలోచించాల్సిన పని లేకపోయింది. గజ్జ నొప్పి మ్యాచ్ మర్నాటికి పరిమితమైంది. 55 దాటినవి మాత్రం తిరిగి రాలేదు, వస్తాయని ఎవరం చెప్పనూ లేదు. ఈ పద్ధతిలో ఆయన మరో రెండు సీజన్లు ఆడారు.

తర్వాతి వేసవిలో జట్టు ఒక కుర్ర కిక్కర్‌ను శిబిరానికి తెచ్చింది. లీగ్‌లో కనీస జీతం ఆడిన సీజన్లను బట్టి పెరుగుతుంది, కాబట్టి అదే పనికి పాతవాడు ఖరీదు. కుర్రవాడు కిక్ఆఫ్‌లూ తన్నగలడు. జాబితా కుదించే రోజున ఈయన్ని తీసేశారు. ఆ తర్వాత మంగళవారాల ట్రయల్స్ మొదలయ్యాయి.

ట్రయల్ అంటే ముందు రోజు సాయంత్రం విమానం, హోటల్, పొద్దున్నే మైదానం. ఇద్దరు ముగ్గురు కిక్కర్లు వంతులవారీగా, పరిచయం లేని స్నాపర్, పరిచయం లేని హోల్డర్, పది పదిహేను కిక్‌లు. బంతులూ వేరు. 1999 నుంచి మ్యాచ్‌లో తన్నడానికి కె గుర్తున్న ప్రత్యేక బంతులు వాడుతున్నారు. ప్రాక్టీస్‌లో నలిగి మెత్తబడ్డ బంతి కన్నా కొత్త బంతి గట్టిగా ఉంటుంది, దూరం తక్కువ పోతుంది. ఈయన తుంటికి కూర్చుని ప్రయాణించడమే అన్నిటికన్నా చెడు, కాస్త వదులవడానికి 25 నిమిషాలు పడుతుంది. ట్రయల్‌లో అంత సమయం దొరకదు. ఇంటి దగ్గర మైదానంలో 52 నుంచి వేస్తూ, ట్రయల్‌లో 48 దగ్గర మొదటి కిక్ పోగొట్టుకోవడం రెండుసార్లు జరిగింది.

అప్పుడు ఒక పరీక్ష పెట్టుకున్నాం. రెండు గంటలు కారులో కూర్చుని వచ్చి, పది నిమిషాలే వార్మప్ చేసి, 13 పౌండ్ల గాలి కొట్టిన కొత్త బంతులతో, మొదటి ఐదు కిక్‌లు మాత్రమే లెక్కలోకి. బాగా వదులయ్యాక ఎంత దూరం తన్నగలం అన్నది ట్రయల్‌కు వెళ్లే కిక్కర్‌ను మోసం చేసే అంకె. ఒళ్లు ఇంకా వేడెక్కకముందు అంకె ఏది అన్నదే అసలు ప్రశ్న. వారానికోసారి, నాలుగు వారాలు చేస్తే అది 46, 47 దగ్గర నిలిచింది. 50 లేని కిక్కర్‌కు జట్లు ఉద్యోగం ఇవ్వవు. ఆ కాగితం చూసి ఆయనే చెప్పారు, ఇక చాలని. ఏజెంట్ ఇంకో ఏడాది ఆగమన్నారు. తుంటి తరఫున మాట్లాడాల్సిన బాధ్యత మాది కనుక, ఆగితే పోయేది ఏమిటో మాత్రం చెప్పాం.

ఆట మానాక

రిటైరైన కిక్కర్ గురించి ఎవరూ ఆందోళన పడరు, పెద్ద దెబ్బలు తినని ఉద్యోగం కదా అని. ఈయనకు ఆట మానాక మొదటి ఆరు నెలలే కష్టంగా గడిచాయి. ఒక్కసారిగా వ్యాయామం ఆపేయడంతో లోతొడ, పిరుదు కండరాల బలం పడిపోయి, తన్నడం మానేసినా గజ్జ నొప్పి పెరిగింది. అందుకే తిరిగి వారానికి రెండు రోజుల పథకం పెట్టాం. కోపెన్‌హాగన్, మెట్టు దిగడం, సైకిల్, ఈత. సైకిల్ సీటు కాస్త ఎత్తుగా, తుంటి 90 డిగ్రీలకు మించి మడవకుండా.

ఆపరేషన్ ప్రశ్న మళ్లీ వచ్చింది. ఇప్పుడు తూకం వేరు. తుంటి లోపలికి తిరగాల్సిన పనే లేనప్పుడు బొడిపె చెక్కించి సాధించేది తక్కువ. కీలు సందు 2 మిల్లీమీటర్ల కన్నా తగ్గితే ఆర్థ్రోస్కోపీ వల్ల పెద్దగా మేలు ఉండదు, అప్పటికి మాటంతా కీలు మార్పిడి గురించే. లీగ్ లెక్కలోకి తీసుకునే సీజన్లు (క్రెడిటెడ్ సీజన్లు) కనీసం మూడు ఆడిన ఆటగాడికి రిటైరయ్యాక ఐదేళ్ల దాకా లీగ్ వైద్య బీమా కొనసాగుతుంది. అందువల్ల ఏడాదికోసారి ఎక్స్‌రే తీసి సందు కొలవడం, నాలుగో ఏట తప్పనిసరిగా సర్జన్‌తో కూర్చుని నిర్ణయించడం అని తేదీలతో సహా రాసి ఇచ్చాం. ఇలాంటి గడువులు ఆటగాళ్లకు ఎవరో చెబితే తప్ప తెలియవు.

ఇప్పుడు ఆయన హైస్కూల్ కిక్కర్లకు నేర్పుతున్నారు. ఇక్కడ రెండు జాగ్రత్తలు పెట్టాం. ఒకటి ఆయన కోసం. వార్మప్ లేకుండా పిల్లలకు చూపించడానికి ఒక్క పూర్తి ఊపు కిక్ కొట్టి తొడ కండరం చించుకోవడం రిటైరైన కిక్కర్లకు కొత్త కాదు. ఆయన చూపించేదంతా అడుగు లేకుండా, సగం ఊపుతోనే. రెండోది పిల్లల కోసం. పద్నాలుగు నుంచి పదిహేడేళ్ల వయసులో రెక్టస్ ఫెమొరిస్ అతుక్కునే ఎముక భాగం ఇంకా పూర్తిగా గట్టిపడి ఉండదు, గట్టి ఊపులో కండరంతో పాటు ఎముక ముక్క ఊడి రావచ్చు. కాబట్టి రోజుకు 30 పూర్తి ఊపు కిక్‌లు, వారానికి మూడు రోజులు, గజ్జ ముందు భాగంలో నొప్పి అన్న మాట వినిపిస్తే ఆ రోజుకు ఆపేయడం. కొత్త పిల్లవాడు చేరితే తుంటి రెండు వైపులా ఎంత తిరుగుతుందో మొదటి రోజే కొలిపించి, ఎడమ కుడి మధ్య పది డిగ్రీలకు పైగా తేడా ఉంటే మూడడుగులు వెనక్కి, రెండడుగులు పక్కకు అన్న లెక్క నేర్పకముందే ఫిజియో దగ్గరికి పంపుతున్నారు.